చివరి అంకె

వాషింగ్ మెషిన్ కింది నుంచి నీళ్లు కారి గదంతా మడుగైందని అవతలి పెద్దమనిషి కోపంగా చెబుతున్నాడు. ఆమె హెడ్‌ఫోన్‌ని ఒక చేత్తో చెవికి అదిమిపట్టుకుని, రెండో చేత్తో తెర మీద గడులు నింపుతూ, మధ్యమధ్య "అర్థమైందండీ" అంటోంది. మీ మనిషి వస్తాడని పొద్దున్నుంచి గుమ్మం దగ్గరే, అన్నాడాయన. తర్వాత మాట లేదు. ఆ 'దగ్గరే' ఒక్కటీ ఆమె చెవిలో కాసేపు ఒంటికాలి మీద నిలబడి, చివరికి అదీ పోయింది. తెర మధ్యలో చిన్న చక్రం తిరగడం మొదలైంది.

ఆమె కంప్యూటర్‌ని చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీదికి తీసుకుని, వేలాడే తీగ కాళ్లకి చుట్టుకోకుండా మోకాలితో జరుపుకుంటూ, వంటింట్లోకి నడిచింది. వంటింటి గుమ్మం దాటితే సిగ్నల్ గీతలు పెరుగుతాయి. స్టవ్ పక్కన రెండు, ఫ్రిజ్ పక్కన మూడు. ఉల్లిపాయలు తరుగుతున్న మరదలు ఏమీ అడక్కుండా పళ్లెం పక్కకి లాక్కుని బల్ల మీద చోటిచ్చింది. అలా చోటివ్వడంలో విసుగుందో లేదో ఆమెకి ఎప్పుడూ తేలలేదు. ఉందనే అనుకునేది. అలా అనుకోవడం ఒకరకంగా సుఖం. విసుక్కునేవాళ్లకి రుణపడక్కర్లేదు.

చక్రం ఆగేసరికి పెద్దమనిషి లేడు. ఆయన ఫిర్యాదు పక్కన 'మధ్యలో తెగినది' అని ఎర్రగా పడింది. ఆ వరసలో అలాంటివి పొద్దున్నుంచి మరికొన్ని ఉన్నాయి.

ఇంట్లో వాడే యంత్రాల మీద వచ్చే ఫిర్యాదులు ఫోన్‌లో తీసుకోవడం ఆమె పని. ఇంటి నుంచే చేయవచ్చు. ఇంకా ఖాయం కాలేదు. ఈ వారం చూసి చెబుతామన్నారు. సూపర్‌వైజర్‌ని ఆమె ఎప్పుడూ చూడలేదు. గొంతు మాత్రం ఎప్పుడూ నవ్వబోతున్నట్టుండి, నవ్వేది కాదు. ఆ మధ్యాహ్నం ఆవిడే ఫోన్ చేసింది.

"మీ మాటతీరుకి వంక పెట్టడానికేం లేదండీ. లైనే బాగాలేదు. లైను తెగిందంటే కస్టమర్ దృష్టిలో ఫోన్ పెట్టేసింది మీరే. వారం చివరికి బాగుపడితే సరే, లేదంటే ఇంకొకరిని చూసుకోవాల్సి వస్తుంది. మీకే చెబుతున్నాను, ముందే."

ఆమె సరేనంది. ఈ పని నిలిస్తే ఎక్కడో ఒకచోట, లోపలి వైపు గడియ ఉన్న గది ఒకటి చూసుకోవచ్చు. ఆమె ఊహ అంతకు మించి పోయేది కాదు. తమ్ముడింట్లో ఆమెకిచ్చింది వంటింటి వెనకున్న సామాన్ల గది. సామాన్లు లోపల వేసి బయట గడియ పెట్టుకునే గది కాబట్టి, దాని గడియ బయటే ఉంది. ఈ సంగతి ఎవరూ కావాలని చేసింది కాదు. మార్పించాలని కూడా ఎవరికీ తోచలేదు.

ఇంటర్నెట్ కంపెనీవాడి పెట్టె ముందు గదిలో, చెప్పుల బల్లకి పైన గోడకి కొట్టి ఉంది. దానికీ ఆమెకీ మధ్య రెండు గోడలు, ఒక ఫ్రిజ్. కంపెనీ మనిషిని పిలిపిస్తే వచ్చి, గదులన్నీ తిరిగి, సామాన్ల గదిలో తన ఫోన్ పైకెత్తి చూసి, మా పూచీ మా పెట్టె వరకేనండీ, లోపలికి ఎంతవరకు వస్తుందో అది మీ గోడల్ని అడగాలి అన్నాడు. ఇంకో రూటర్ కొనుక్కుని ఒక వైరు లాగి దీనికి తగిలించుకొమ్మన్నాడు. అది మీరు తగిలిస్తారా అంటే, మాది కానిదాని మీద మేం చెయ్యి వెయ్యం అని సంచీ భుజాన వేసుకున్నాడు.

సాయంత్రం తమ్ముడు రాగానే చెప్పింది. అతను ఒక గోదాములో లోపలికొచ్చే సరుకూ బయటికి పోయే సరుకూ చూసుకుంటాడు. ఇంటికొచ్చినా ఆ చూపు దిగేది కాదు. చొక్కా బొత్తాలు విప్పుతూ విన్నాడు.

"అంటే వేరు కుంపటి పెడతానంటావ్," అని నవ్వాడు. "పెట్టుకో అక్కా, నేను వద్దన్నానా? కాని వైరు మాత్రం మన పెట్టె నుంచే కదా రావాలి."

అతని నవ్వులో నిజంగానే ఆప్యాయత ఉంది. అదే ఆమెకి ఎప్పుడూ చిక్కు. మొహం చిట్లించేవాడైతే ఎదురు చెప్పవచ్చు. నవ్వుతూ ఇచ్చేవాడి దగ్గర, ఇచ్చింది ఎంతో కళ్లారా చూస్తూ కూడా, చాలదనలేం.

*

మర్నాడు కొట్టుకి వెళ్లి తెచ్చింది. తెల్లటి చిన్న పెట్టె, మిడత మీసాల్లాంటి రెండు కొమ్ములు. కొట్టువాడు దాన్ని బల్ల మీద తోసి, ఇది దానికి, అది దీనికి, అంతేనండీ, చిన్నపిల్లలు కూడా పెట్టేస్తారు అని, ఆ వెంటనే ఇంకొకరితో బేరంలో పడ్డాడు. ఏది దేనికో రెండోసారి అడగబోయి మానేసింది.

బిగించే పని తమ్ముడే తీసుకున్నాడు. ఆమె తాను చేస్తానంటే, నువ్వు పట్టుకో చాలు అన్నాడు. ముందు గది నుంచి వైరుని గోడ అంచు వెంబడి పాకించి, అడుగడుక్కీ ప్లాస్టిక్ క్లిప్పు పెట్టి చిన్న సుత్తితో కొడుతూ, వంటింటి గుమ్మం దగ్గర దాన్ని చెక్కకీ గోడకీ మధ్య సందులో దూర్చాడు. పని శుభ్రంగా చేశాడు. చెయ్యి ఎక్కడా వణకదు, మేకు ఎక్కడా వంకర పోదు. మరదలు అతని వెనకే చీపురు పట్టుకుని రాలిన సున్నం ఎత్తుతూ వచ్చింది. ఆమె వైరు చుట్టని రెండు చేతుల్లో పట్టుకుని కొంచెం కొంచెం వదులుతూ వచ్చింది. ముగ్గురూ ఒకరి వెనక ఒకరు వంగి నడుస్తుంటే ఆమెకి నవ్వొచ్చింది. పైకి నవ్వలేదు.

కొత్త పెట్టె వెనక ఒకే రకం రంధ్రాలు నాలుగు పసుపు రంగువి, పక్కనే కాస్త ఎడంగా నీలంది ఒకటి ఉన్నాయి. తమ్ముడు పసుపు దాంట్లో గుచ్చాడు. దీపాలు వెలిగాయి. ఇక కూర్చుని పని చేసుకో అన్నాడు. కొంచెం సేపటికి ముందు గదిలో టీవీ ఆగింది. తర్వాత అతని ఫోన్ ఆగింది. ఇల్లంతా ఆగిపోయింది. అతను కంపెనీవాడి పెట్టెని ఆపి వెలిగించాడు, కొత్తదాన్ని ఆపి వెలిగించాడు, గట్టిగా ఒకసారి అరచేత్తో కొట్టాడు.

"ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని ఊరికే అన్నారా," అన్నాడు చెమట తుడుచుకుంటూ. ఎవరితో అన్నాడో తెలియకపోయినా, మరదలు చీపురు మూల పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆమె గదిలో కూర్చుని అట్టపెట్టెలోంచి తీసిన కాగితం చదివింది. అక్షరాలు చీమతలకాయలంత ఉన్నాయి. ఒక పెట్టె కింద ఇంకో పెట్టె పనిచేయాలంటే పైనుంచి వచ్చే వైరు ఎడంగా ఉన్న రంధ్రంలోనే పెట్టాలట. పసుపు వాటిలో పెడితే రెండూ సమానమై, ఒకే చిరునామా చెప్పుకుంటూ, ఇంట్లో ప్రతి ఫోన్‌కీ తామే నంబర్లు పంచుతామని పోటీ పడతాయి. ఎవరి మాట వినాలో తెలియక ఫోన్లు ఆగిపోతాయి. ఆమె వైరు పీకి నీలం దాంట్లో పెట్టింది. కొత్త పెట్టె చిరునామా మార్చుకోమంటే మార్చుకుంది. టీవీలో ఆగిన మనిషి మిగతా మాట పూర్తి చేశాడు.

"చూశావా, కాసేపు చల్లారనిస్తే అదే దారికొస్తుంది," అన్నాడు తమ్ముడు ముందు గదిలోంచి.

కొత్త పెట్టె పేరు పెట్టమని అడుగుతోందని ఆమె అతన్ని పిలిచింది. అతను వచ్చి ఆమె భుజం మీదుగా వంగి, తన పెట్టెకున్న పేరే, అదే పాస్‌వర్డే, కొట్టాడు. రెండిటికీ ఒకటే పేరేమిటంటే, ఒకింట్లో రెండు పేర్లెందుకక్కా, చుట్టాలొచ్చి అడిగినా ఒకటే చెప్పొచ్చు అన్నాడు. ఇల్లన్నాక ఒకటే పేరుండాలి. ఆ మాట ఆమెకి తప్పనిపించలేదు. కొంచెం బాగుందని కూడా అనిపించింది.

*

గీతలు నిండుగా ఉన్నాయి. అయినా లైను తెగుతూనే ఉంది.

ఇదివరకు ఎందుకు తెగుతోందో తెలుసు కాబట్టి భరించగలిగింది. ఇప్పుడు కారణం లేదు. మనిషి మనసుకి కారణం లేని కష్టమంటే గిట్టదు. దేనికో ఒకదానికి అంటగట్టేదాకా ఊరుకోదు. ఆమె రెండు రోజుల పాటు దాన్ని మరదలికి అంటగట్టింది. మరదలు వంటింట్లోంచి వచ్చి ఏదో ఒకటి అడిగినప్పుడల్లా తెగుతోంది. టీ కప్పు తెచ్చింది, తెగింది. బట్టలు ఆరేయడానికి ఈ గది కిటికీ ఊచలు కావాలని వచ్చింది, తెగింది. మూడోసారి, అటువైపు ఒక ముసలావిడ ఫ్యాన్ చప్పుడు గురించి వర్ణిస్తుండగా తలుపు తెరుచుకుంది, ముసలావిడ మాయమైంది.

"నీకు చెప్పానా లేదా, పనిలో ఉన్నప్పుడు రావద్దని?"

మరదలు గుమ్మంలో ఆగిపోయింది. చేతిలో మడతపెట్టిన దుప్పటి ఉంది.

"తలుపే కదా వదినా తీశాను," అంది నెమ్మదిగా.

ఆ మాట తర్వాత చాలాసేపు ఆమె తలుపు వైపు చూస్తూ కూర్చుంది. లేచి తెరిచింది. కంప్యూటర్‌లో ఒక మూల కనిపించే నంబరు మారింది. మూసింది. కాసేపటికి మళ్లీ పాత నంబరు వచ్చింది. తెరిస్తే ముందు గది పెట్టె సంకేతం వంటింటి గుండా లోపలికొస్తుంది. పేరు అదే కాబట్టి కంప్యూటర్ అటు దూకుతోంది. అక్కడ బలం చాలక మళ్లీ ఇటు దూకుతోంది. దూకిన ప్రతిసారీ నంబరు మారుతుంది, నంబరు మారితే ఫోన్‌లో మనిషి చేజారిపోతాడు. ఇద్దరు ఒకే పేరుతో పిలుస్తుంటే ఎటు పోవాలో తెలియని పిల్లలా, మధ్యలో దానికి తిరగడమే సరిపోతోంది.

కుర్చీ అడ్డం పెట్టి తలుపు మూసుకుని పనిచేస్తే ఆ పూట ఒక్కటి కూడా తెగలేదు. సాయంత్రం తమ్ముడు తలుపు తోసి, కుర్చీ తగిలి, పట్టపగలు ఇలా తలుపులు బిడాయించుకోవడమేంటక్కా, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారు, మేమేదో నిన్ను మూల కూర్చోబెట్టామనుకోరూ అన్నాడు. ఎవరూ రారు ఆ ఇంటికి. అయినా ఆమె కుర్చీ తీసేసింది.

మర్నాడు అతను గోదాముకి వెళ్లాక కాగితం ముందేసుకుని కొత్త పెట్టె పేరు మార్చింది. దాని అడుగున అచ్చువేసిన పొడి అక్షరాలూ అంకెలే మళ్లీ పెట్టింది. సొంతంగా పేరు పెట్టే ధైర్యం రాలేదు. పాస్‌వర్డ్ మాత్రం తనది పెట్టుకుంది. ఒక మాట, దాని వెనక నాలుగు అంకెలు, చివరిది మూడు. నొక్కి, వెలగడం కోసం ఎదురుచూస్తున్నప్పుడు గుండె ఎందుకు కొట్టుకుంటోందో ఆమెకి అర్థం కాలేదు. ఇంత పెద్దయ్యాక తనకొక్కదానికే తెలిసిన సంగతి ఒకటి ఉండటం అదే మొదలేమోననిపించింది.

తలుపు బార్లా తీసి కూర్చున్నా ఆ రోజు లైను తెగలేదు.

తమ్ముడికి అది ఆ సాయంత్రమే తెలిసింది. అతని ఫోన్‌లో కంపెనీవాడి యాప్ ఉంది. పెట్టెకి ఏమేం తగులుకున్నాయో వరసగా చూపిస్తుంది. అన్నం తింటూ ఎడమ చేత్తో దాన్ని ఆమెకి చూపించాడు. కోపం లేదు, సరుకు లెక్క తప్పితే ఉండే శ్రద్ధే ఉంది.

"ఇదిగో, టీవీ. ఇది నా ఫోను. ఇది నీ పెట్టె. ఇదొక్కటే కనిపిస్తుందక్కా, దాని లోపల ఏమున్నాయో కనిపించవు. పేరు మార్చినట్టున్నావు."

పనికి ఇబ్బందిగా ఉంటే మార్చానంది. మంచిదేలే అన్నాడు. ఆమె చూపు ఆ వరసలో ఇంకో పేరు మీద ఆగింది. 'ఆవిడ' అని ఉంది, పక్కన రెండు నిలువు గీతల గుర్తు. అదేమిటని అడిగింది.

"ఆపేసిన గుర్తు. పగలంతా ఆ ఫోన్లోనే తల పెట్టుకుని కూర్చుంటుంది నీ మరదలు. పొద్దున వెళ్లేటప్పుడు ఆపేస్తా, వచ్చాక వదులుతా. కుళాయి కట్టేసినట్టే."

వంటింట్లో గిన్నె తోముతున్న చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైంది. ఇది అన్యాయమని ఆమెకి తెలిసింది. తెలియడానికి ఆలోచించక్కర్లేకపోయింది కూడా. కాని దానికంటే ముందు, అర క్షణం ముందు, ఆమె కళ్లు వెనక్కి వెళ్లి తన పెట్టె పక్కన ఆ గుర్తు లేదని చూసుకున్నాయి.

"మంచి సదుపాయమే," అంది. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని వినడానికి కొంచెం సేపు పట్టింది.

*

వారంలో చివరి రోజు పొద్దున తమ్ముడు చెప్పులు వేసుకుంటూ పిలిచాడు. ఇల్లు నెమ్మదించిందని, టీవీ ఆగి ఆగి వస్తోందని, ఆమె పెట్టె ఎక్కువ లాగుతోందని అనుమానంగా ఉందన్నాడు.

"నువ్వొక్కదానివే వాడుకో, నాకేం అభ్యంతరం లేదు. లోపల ఇంకెవరైనా ఉన్నట్టు అనిపిస్తే మాత్రం వైరు తీసేస్తాను. ఏమీ అనుకోకు అక్కా."

ఏమీ అనుకోనంది. ఆ రోజు సాయంత్రానికి సూపర్‌వైజర్ సంగతి తేల్చేస్తుంది. ఎర్రటి మాటలు ఆగిపోయి రెండు రోజులైంది.

మధ్యాహ్నం ఫోన్లు పల్చబడ్డాయి. మరదలు గుమ్మం అవతలే నిలబడి, తల లోపలికి పెట్టి, పనిలో ఉన్నారా వదినా అని సైగతో అడిగింది. లేదని ఆమె తలూపింది. మరదలు లోపలికొచ్చింది. జుట్టు దువ్వుకుని, ఉతికిన బట్టలు కట్టుకుంది. మొహం కడుక్కున్న తడి చెవుల దగ్గర ఇంకా ఉంది.

"మీ రూటర్‌లోకి నా ఫోన్‌ని కాసేపు రానిస్తారా?" అంది. అని, చెప్పాల్సింది ఆ వరసలో కాదని తోచినట్టు, మొదటి నుంచి మొదలుపెట్టింది. కళ్లద్దాల కొట్టులో మనిషి కావాలన్నారట. వచ్చినవాళ్లకి అద్దాలు చూపించడం, చీటీలు రాయడం. ఎదురింటావిడ చెప్పింది. ఇప్పుడు వీడియోలో మాట్లాడతామన్నారు. మరదలి ఫోన్‌లో మాటలే పోతాయి, నెట్ వేయించరు. ఇంట్లోది సాయంత్రం దాకా రాదు. వంటింట్లో ఫోన్‌ని ఉప్పు డబ్బాకి ఆనించి, వెనక ఖాళీ గోడ పడేలా చోటు సర్ది చూసుకుని, ఫోన్ పట్టుకుని వచ్చింది.

"మీ తమ్ముడికి ఇంకా చెప్పలేదు. వస్తుందో రాదో తెలియకుండా ఎందుకని. వస్తే చెబుదామని." కొంచెం ఆగి అంది, "మీరొచ్చి కూర్చుని పని చేసుకుంటుంటే చూశాను కదా వదినా. నాకూ అనిపించింది."

ఆమె మరదలి మొహంలోకి చూసింది. ఇన్నాళ్లూ విసుగనుకున్నది అక్కడెక్కడా లేదు. బహుశా ఎప్పుడూ లేదు. పళ్లెం పక్కకి లాగి చోటిచ్చినప్పుడు అది చోటివ్వడమే. ఈ సంగతి ఇప్పుడు తెలియడం ఆమెకి నచ్చలేదు. ఈ పూట కాకుండా ఎప్పుడు తెలిసినా బాగుండేది.

"వీడియోనా?" అంది.

"కాసేపేనట."

వీడియో చాలా లాగుతుంది. తమ్ముడు గోదాములో కూర్చుని ఫోన్ తీసి చూస్తే చూడవచ్చు. చూడకపోవచ్చు. తనకో ఫోన్ వచ్చి, అది తెగవచ్చు. తెగకపోవచ్చు. ఇవన్నీ ఆమె నిజంగా ఆలోచించిందో, తర్వాత తనకి చెప్పుకోవడానికి అమర్చుకుందో చెప్పలేం. బయటికి మాత్రం, పేరు చూపించి, కొట్టు చెబుతాను అంది. మరదలు ఫోన్ రెండు చేతుల్లో పట్టుకుని, బడిలో డిక్టేషన్ రాసే పిల్లలా, చెప్పినదాన్ని పెదవులతో మళ్లీ అనుకుంటూ ఒక్కొక్కటే కొట్టింది. మాట అయిపోయింది. అంకెలు ఒకటి, రెండు, మూడోది. చివరిది మూడు అనడానికే ఆమె నోరు తెరిచింది.

"ఎనిమిది," అంది.

సరిగ్గా అప్పుడే ఫోన్ వచ్చింది. ఆమె హెడ్‌ఫోన్ సర్దుకుని నమస్కారం చెప్పింది. మరదలు అర్థమైందన్నట్టు తలూపి, చప్పుడు కాకుండా నడుచుకుంటూ వెళ్లిపోయింది.

అటువైపు ఒక ఆడమనిషి ఫ్రిజ్ చల్లబడటం లేదని చెబుతోంది. ఎప్పుడు కొన్నారు, దీపం వెలుగుతోందా, తలుపు రబ్బరు బాగుందా అని ఆమె అడిగింది. అడుగుతూ వింటోంది. వంటింట్లో ఏ గొంతూ మొదలవ్వడం లేదు. ఒక ప్రశ్నకీ ఇంకో ప్రశ్నకీ మధ్య లేచి వెళ్లి ఒక్క అంకె చెప్పి రావచ్చు. మూడు వేళ్లు ఎత్తి చూపించినా చాలు. ఒకసారి మరదలు గుమ్మంలోకొచ్చి, ఫోన్ చూపించి, రావడం లేదని చెయ్యి తిప్పింది. ఆమె హెడ్‌ఫోన్ వైపు వేలు చూపించి, నెమ్మదిగా చూసి కొట్టమన్నట్టు వేళ్లు ఆడించింది. మరదలు అయ్యో మీకు అడ్డమొచ్చానన్నట్టు నాలుక కరుచుకుని వెనక్కి తగ్గింది. మళ్లీ వచ్చినప్పుడు గుమ్మం దాకా రాలేదు. వంటింటి గోడకి ఆనుకుని నిలబడి, ఫోన్ కళ్లకి దగ్గరగా పెట్టుకుని, ప్రతి అక్షరాన్నీ వేలితో తడుముతూ కొడుతోంది. తప్పు తన వేళ్లదేనని మరదలు ఎంత నిశ్చయంగా నమ్ముతోందో వంగిన మెడలో కనిపించింది. చెప్పిన అంకెల్ని ఒక్కసారి కూడా అనుమానించలేదు.

ఫ్రిజ్ ఆవిడ సమస్య చాలాసేపు సాగింది. లైను తెగలేదు. చివర్లో ఆవిడ, మీరు ఓపిగ్గా విన్నారు తల్లీ అంది.

ఆమె హెడ్‌ఫోన్ తీసేసరికి వంటింట్లో కుళాయి చప్పుడు వినిపించింది. ఉప్పు డబ్బా స్టవ్ పక్కన తన చోటులో ఉంది.

సాయంత్రం సూపర్‌వైజర్ ఫోన్ చేసి ఖాయమైందని చెప్పింది. ఈసారి నిజంగానే నవ్వింది. తమ్ముడికి చెబితే అతను భార్యని పిలిచి, చూశావా మా అక్కని, ఈ వయసులో ఉద్యోగం తెచ్చుకుంది, నువ్వూ ఉన్నావు అన్నాడు. మరదలు పళ్లేలు సర్దుతూ చిన్నగా నవ్వి, ఆమె పక్కన వంగినప్పుడు, ఇద్దరికే వినపడేలా అంది.

"నాకే సరిగ్గా కొట్టడం రాలేదు వదినా."

ఆమె ముద్ద మింగింది. సరేలే, ఇంకోసారి చూద్దాం అంది.

తెల్లవారి తమ్ముడు వెళ్లగానే ఆమె చేసిన మొదటి పని, పెట్టె లోపలికి వెళ్లి పాస్‌వర్డ్ మార్చడం. మాట అలాగే ఉంచింది, మొదటి మూడు అంకెలూ ఉంచింది, మూడు చెరిపి ఎనిమిది పెట్టింది. పెట్టె ఆగి వెలిగింది. కంప్యూటర్ కొత్త అంకె అడిగింది, ఇచ్చింది. ఇప్పుడు తాను నిన్న చెప్పింది అబద్ధం కాదు. దాన్ని వెనక నుంచి నిజం చేయవచ్చని రాత్రి తోచినప్పుడు ఎంత తేలికపడిందంటే, నిద్ర కూడా పట్టింది. నిన్నటి మధ్యాహ్నం ఒక్కటే మిగిలిపోయింది. దాన్నేం చేయాలో మాత్రం తోచలేదు.

మరదలు వంటింట్లో పాలగిన్నె ముందు నిలబడి ఉంది. పొంగు కోసం చూస్తూ చేతిలో గరిటె పట్టుకుని ఉంది.

"నీ ఫోన్ ఏది? తీసుకురా. నిన్న చెప్పిందే మళ్లీ కొట్టు, ఈసారి వస్తుంది," అంది ఆమె. గొంతు అవసరమైనదానికంటే హుషారుగా వచ్చింది.

"ఎందుకులెండి."

"కొట్టి చూడమంటున్నా కదా. దాన్లోనే ఏదో తేడా ఉండి ఉంటుంది. నీ తప్పు కాదు."

మరదలు స్టవ్ తగ్గించి ఇటు తిరిగింది. మొహంలో బాధ కూడా పెద్దగా లేదు. రాత్రికి రాత్రే సర్దుకుపోయినట్టుంది. ఆ సర్దుకుపోవడమే చూడటం కష్టంగా ఉంది.

"వాళ్లు చాలాసేపు చూశారట వదినా. నేను రాకపోయేసరికి ఇంకొకావిడని పెట్టేసుకున్నారట. ఎదురింటావిడ పొద్దున్నే చెప్పింది. పోనీలెండి, ఒక పాస్‌వర్డ్ కొట్టడం చేతకానిదాన్ని, అక్కడ కూర్చుని ఏం చేసేదాన్ని? మీ తమ్ముడు అనేది ఊరికే కాదు."

"అలా కాదు," అంది ఆమె. ఆ తర్వాతి మాట ఉంది. నాలుక మీదే ఉంది. చిన్న మాట, ఒక్క అంకె అంత. దాని కోసం మరదలు ఎదురుచూడటం లేదు.

"మీరు మాత్రం అడగ్గానే ఇచ్చారు," అంది మరదలు. "ఈ ఇంట్లోకొచ్చాక, ఎందుకు, ఏమిటి అని అడక్కుండా నాకు ఏదైనా ఇచ్చింది మీరొక్కరే. ఆయనకి తెలిస్తే మీ వైరు పోతుందని తెలిసి కూడా. అది నాకు చాలు వదినా. పనిలో కూర్చోండి, టీ తెచ్చిస్తాను."

పాలు పొంగాయి. మరదలు అటు తిరిగింది.

ఆమె గదిలోకొచ్చి కూర్చుంది. దీపాలన్నీ పచ్చగా, నిలకడగా ఉన్నాయి. పని మొదలయ్యే వేళ ఇంకా కాలేదు. ఫోన్ ఏదీ రాలేదు. అయినా హెడ్‌ఫోన్ తీసి రెండు చెవులకీ గట్టిగా తగిలించుకుంది. మరదలు టీ కప్పు తెచ్చి బల్ల మీద పెట్టి ఏదో అంది. ఆమె అవతలెవరో మాట్లాడుతున్నట్టు తెర వైపే చూస్తూ, అర్థమైందండీ అంది.